ఖాజాగూడ బండలూ 4×5 కెమెరా: లోపం లెన్స్‌లో లేదు, టిల్ట్‌లో ఉంది

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. మీరు కొత్తగా 4×5 ఫీల్డ్ కెమెరా (4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లు ఒక్కొక్కటిగా పెట్టి తీసే మడత కెమెరా) కొన్నారు. 150 మి.మీ. లెన్స్, ఫోమాపాన్ 100 ఫిల్మ్. సాయంత్రం పూట హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల మీద ఒక బండల దొంతరను తీసి, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. "దీనికి ఇంత కష్టమెందుకు, ఫోన్‌తో కూడా వస్తుంది కదా" అన్నారు కొందరు. ఇప్పుడు మీరు అడుగుతున్నవి మూడు. 8×10 అంగుళాల కెమెరాకు మారాలా? లెన్స్ మార్చాలా? అసలు ఇలాంటి ఫొటోలు ఎలా చూపిస్తే జనానికి తేడా తెలుస్తుంది?

మొదటి రెండింటికీ నా జవాబు ఒకటే: వద్దు. డబ్బు దాచుకుని ఫిల్మ్ కొనండి. మూడోది అసలైన ప్రశ్న. దానికి వచ్చేముందు ఫొటో సంగతి చూద్దాం.

మీ స్కాన్‌ను పెద్దది చేసి చూశాను. మీ కాళ్ల దగ్గర పగులున్న రాతి పలక చాలా షార్ప్‌గా ఉంది. వెనక గచ్చిబౌలి వైపు భవనాల కిటికీలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ ఫొటోకు ప్రాణమైన నడిమి బండ కింది భాగం బాగుండి, నెత్తి మాత్రం మెత్తగా, నూనె కాగితంలోంచి చూసినట్టు ఉంది. లెన్స్ చెడ్డదైతే అంచులన్నీ పోవాలి గానీ, ఒక్క బండ నెత్తి మీద పగబట్టదు. మీరు రాసిన వివరాల్లోనే కారణం ఉంది: ఎఫ్/22 (లెన్స్ రంధ్రం సైజు; అంకె పెరిగితే రంధ్రం చిన్నదై, షార్ప్‌గా వచ్చే లోతు పెరుగుతుంది), లెన్స్ ఉన్న ముందు భాగానికి ఆరు డిగ్రీల టిల్ట్, అంటే ముందుకు వంపు.

ఆరు డిగ్రీలు ఎక్కడినుంచి వచ్చాయో ఊహించగలను. కెమెరా నేలకు మీటరున్నర ఎత్తులో ఉంది, లెన్స్ 150 మి.మీ. లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఫోకల్ లెంగ్త్‌ను కెమెరా ఎత్తుతో భాగిస్తే వచ్చే 0.1 సైన్ విలువగా ఉన్న కోణం అది, దాదాపు ఆరు డిగ్రీలు. అలా వంచితే షార్ప్‌గా ఉండే తలం నిలువుగా కాకుండా నేల మీద చాప పరిచినట్టు పడుకుంటుంది. ఆస్ట్రియాకు చెందిన థియోడర్ షైంప్‌ఫ్లుగ్ 1904లో పేటెంట్ చేసిన సూత్రమే ఇది. గడ్డి మైదానం, మంచు నేల, పూలతోట, ఇలా చదునుగా సాగిపోయే దృశ్యానికి ఇంతకు మించిన ఉపాయం లేదు. లార్జ్ ఫార్మాట్ (4×5, అంతకు మించిన ఫిల్మ్) పాఠాలన్నిట్లో మొదటి ఉదాహరణ అదే కాబట్టి అందరం అదే నేర్చుకుంటాం. మన గుట్టలు అలా లేవు. దక్కన్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటిది. ఎండకూ వానకూ అరిగి, గుండ్రంగా తేలి, ఒకదాని మీద ఒకటి నిలబడింది. ఇక్కడ దృశ్యం పడుకోదు, లేచి నిలబడుతుంది.

టిల్ట్ చేసినప్పుడు షార్ప్‌గా కనిపించే ప్రాంతం పక్కకు పడుకోబెట్టిన పుచ్చకాయ ముక్కలా ఉంటుంది. మొన మీ కాళ్ల కింద, వెడల్పు దూరంగా. అంకెల్లో చూస్తే ఇంకా తేలికగా తెలుస్తుంది. 4×5కి సాధారణంగా వాడే 0.1 మి.మీ. మసక ప్రమాణంతో (ఫిల్మ్ మీద అంతవరకు మసకను షార్ప్ కిందే లెక్కిస్తారు) 150 మి.మీ. లెన్స్ హైపర్‌ఫోకల్ దూరం, అంటే టిల్ట్ లేకుండా అక్కడ ఫోకస్ చేస్తే అందులో సగం దూరం నుంచి అనంతం దాకా షార్ప్‌గా వచ్చే దూరం, ఎఫ్/22 దగ్గర సుమారు 10 మీటర్లు. ఆ పది మీటర్ల దూరంలో తలానికి పైన మీటరున్నర, కింద మీటరున్నర షార్ప్‌గా వస్తుంది. సగం దూరంలో, అంటే ఐదు మీటర్ల దగ్గర, అది ముప్పావు మీటరే. మీ నడిమి బండ సరిగ్గా ఐదారు మీటర్లలో ఉంది, ఎత్తు మనిషిని మించి ఉంది. నడుము దాకా కూడా రాకుండానే షార్ప్‌నెస్ అయిపోయింది. దూరపు భవనాలు ఎంత ఎత్తున్నా బాగా రావడానికి కారణం కూడా ఇదే, అక్కడ ముక్క బాగా వెడల్పు.

మరి ఏం చేయాలి? టిల్ట్ సున్నాకు తెచ్చేయండి. ఎఫ్/32 పెట్టి 7 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే మూడున్నర మీటర్ల నుంచి అనంతం దాకా మొత్తం వస్తుంది. బండ నెత్తితో సహా. పోయేది ముందున్న పలక ఒక్కటే. దాన్ని వదులుకోవడానికి మనసొప్పకపోతే రెండు పెద్ద అడుగులు వెనక్కి వేయండి. నన్నడిగితే ఆ పలకను వదిలేయమనే అంటాను. ముందు ఒక పగుళ్ల రాయి, మధ్యలో వస్తువు, వెనక ఆకాశం అనే అమరిక ప్రతి వాల్‌పేపర్‌లోనూ ఉంది. మీ ఫొటోలో ఆసక్తి అంతా ఆ బండ కూర్చున్న తీరులోనే ఉంది: రెండు చిన్న రాళ్ల మీద ఆనుకుని, మధ్యలోంచి వెలుతురు కనిపిస్తూ.

ఎంత ఎఫ్ పెట్టాలన్నది ప్రతిసారీ లెక్క కట్టక్కర్లేదు. కెమెరా బెడ్ (లెన్స్ ముందుకూ వెనక్కీ జరిగే పట్టా) పక్కన మిల్లీమీటర్ల స్కేలున్న కాగితపు ముక్క ఒకటి అతికించండి. అతి దగ్గరి వస్తువుకు ఫోకస్ చేసి గుర్తు చూసుకోండి, అతి దూరానికి చేసి మళ్లీ చూసుకోండి. తేడా 2 మి.మీ. ఉంటే ఎఫ్/22కీ 32కీ మధ్య, 3 ఉంటే 32, 5 దాకా వెళ్తే 45. ఆపైన ఫోకస్‌ను రెండు గుర్తుల నడుమ సరిగ్గా మధ్యలో పెట్టండి. తేడా అంతకు మించితే అది ఎఫ్‌తో తీరే సమస్య కాదు, నిలబడ్డ చోటు మార్చుకోవాలి. 45 దగ్గరే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెలుతురు చెదరడం) వల్ల మొత్తం బొమ్మ కొంచెం మెత్తబడటం మొదలవుతుంది.

భవనాలు వెనక్కి వాలినట్టు కనిపిస్తున్నాయని ఎవరో అన్నారు, నిజమే. కెమెరాను పైకి ఎత్తారు. లెవెల్‌గానే ఉంచి లెన్స్ బోర్డును (లెన్స్ బిగించిన పలకను) పైకి జరపండి, చాలు.

8×10 సంగతి. అదే దృశ్యానికి అక్కడ 300 మి.మీ. లెన్స్ కావాలి. అదే డెప్త్ రావాలంటే ఇంకో రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) మూయాలి, అంటే ఎఫ్/64. ఎక్స్‌పోజర్ నాలుగు రెట్లు, ఫిల్మ్ ఖర్చు నాలుగు రెట్లు, బరువు చెప్పక్కర్లేదు. నిలబడ్డ బండలున్న మన ఊరికి 4×5 చాలు. ఇప్పటికే ఆ నెగటివ్ 35 మి.మీ. ఫ్రేముకు సుమారు 13 రెట్ల వైశాల్యం.

ఇక టైము. మీరు సూర్యాస్తమయం తర్వాత తీశారు. యూరప్, అమెరికా వాళ్లు రాసిన పాఠాల్లో బంగారు వెలుగు గంటసేపు ఉంటుందని చదివి వెళ్లామనుకోండి, ఇక్కడ టెన్షన్ తప్పదు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు, పాతిక నిమిషాల లోపే పని అయిపోతుంది. ఆ కాసేపట్లో నల్లగుడ్డ కింద దూరి, ఫోకస్ చేసి, హోల్డర్ (ఫిల్మ్ షీట్లున్న పలుచటి డబ్బా) పెట్టి, దాని మూత అయిన డార్క్ స్లైడ్ తీసేసరికి వెలుతురు రెండు స్టాపులు పడిపోయి ఉంటుంది. అందుకే గంట ముందే ఫ్రేము, ఫోకస్ పూర్తి చేసి పెట్టుకుని కూర్చోవాలి. చివర్లో చూడాల్సింది మీటరు ఒక్కటే.

దీనికి తోడు మీ ఫిల్మ్ ఎంపిక. ఫోమాపాన్ 100 మంచి ఫిల్మే, చవక. కానీ ఎక్కువసేపు తెరిచి ఉంచితే బద్ధకిస్తుంది. కంపెనీ సొంత పట్టిక ప్రకారమే మీటరు ఒక సెకను చూపిస్తే రెండింతలు ఇవ్వాలి, 10 సెకన్లు చూపిస్తే ఎనిమిది రెట్లు. ఇప్పుడు మీ సాయంత్రాన్ని లెక్క వేద్దాం. ఎఫ్/32, నారింజ ఫిల్టర్‌కు రెండు స్టాపులు కలిపి మీటరు 16 సెకన్లు అన్నదనుకుందాం. ఫోమాకు రెండు నిమిషాలు దాటుతుంది. అదే వెలుతురులో 400 స్పీడున్న ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కు మీటరు 4 సెకన్లు చూపిస్తుంది, సవరణతో కలిపి సుమారు 6 సెకన్లు. బండ రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటుంది, దాని పక్కన ఉన్న వేప కొమ్మ కూర్చోదు. మీ ఫొటోలో కుడివైపు పొగలా కనిపించేది ఆ కొమ్మే. గుట్ట మీద సాయంత్రం గాలి ఉండనే ఉంటుంది, బెల్లోస్ (కెమెరా మడతల సంచి) తెరచాపలా పట్టుకుంటుంది కూడా. గొడుగు ఒకటి వెంట ఉంచుకోండి, ఎండకూ గాలికీ పనికొస్తుంది. నల్లగుడ్డ బయటి వైపు తెల్లగా ఉండేట్టు కుట్టించుకోండి. ఏప్రిల్ ఎండలో రెండు వైపులా నలుపున్న గుడ్డ కింద ఐదు నిమిషాలుంటే చెమట గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ పడే గరుకు గాజు) మీద కారుతుంది, ఊపిరికి లూప్ (ఫోకస్ చూసే భూతద్దం) మసకబారుతుంది, ఏది ఫోకస్, ఏది చెమట అన్నది తెలియదు.

ఇంకో మాట, చాలామంది ఒప్పుకోరు: గ్రానైట్‌కు సాయంత్రం కంటే ఆషాఢ శ్రావణాల మబ్బు మేలు. తడిసిన రాయి రంగు చిక్కబడుతుంది, నాచు మచ్చలు తేలతాయి, నీడలు లోతుగా ఉన్నా వివరం పోదు. మబ్బు ఉన్నంతసేపూ తొందర లేదు. ఇక మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మనకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నేల మీద నీడలు ఉండవు గానీ, నిలువు రాతిముఖాల మీద వెలుతురు పైనుంచి కిందికి గీకుతూ దిగుతుంది. మధ్యాహ్నం ఫొటో తీయకూడదన్న నియమం నిలువు బండకు వర్తించదు. మబ్బులేని రోజున వడదెబ్బ తగలకుండా తీసి చూడండి.

ఎక్స్‌పోజర్‌కు స్పాట్ మీటర్ (ఒక చిన్న చోటు వెలుతురునే కొలిచే మీటరు) ఉంటే బండ కింద మీకు వివరం కావాల్సిన చీకటి భాగాన్ని కొలిచి, అది చెప్పినదానికి రెండు స్టాపులు తగ్గించి ఇవ్వండి. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ తయారుచేసిన జోన్ సిస్టమ్‌లో (ఏ నీడ ఎంత చీకటిగా రావాలో ముందే నిర్ణయించే పద్ధతిలో) మనకు రోజూ పనికొచ్చే ముక్క ఇదే. మిగతాది తీరిగ్గా నేర్చుకోవచ్చు.

డెవలపింగ్ గురించి మీరు అడగలేదు గానీ నెగటివ్ చూస్తే కాంట్రాస్ట్ బాగా ఎక్కువైనట్టుంది. బహుశా నీళ్ల వేడి. పట్టికలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. ఎండాకాలంలో మన ట్యాంకు నీళ్లు 30 దాటి వస్తాయి. ఐసు పెట్టి 20కి దించడం కంటే, ఇంట్లో తేలికగా నిలిచే 24 డిగ్రీల దగ్గర స్థిరపడి, డిగ్రీకి దాదాపు పదోవంతు చొప్పున టైము తగ్గించుకోవడం మేలు. 20 దగ్గర 11 నిమిషాలైతే 24 దగ్గర ఏడున్నర. టైము ఐదు నిమిషాల లోపుకు పోతే మచ్చలు, చారలు వస్తాయి, కాబట్టి డెవలపర్‌ను పలుచన చేసుకోండి. ఫిక్సరూ, కడిగే నీళ్లూ కూడా అదే వేడిలో ఉండాలి. డి-76 డెవలపర్ ప్యాకెట్ దొరకనప్పుడు ల్యాబ్ కెమికల్స్ దుకాణంలో సరుకు తెచ్చి కలుపుకోవచ్చు: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, ఆ తర్వాతే మిగతా సల్ఫైట్. వరస మారిస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. బోరు నీళ్లతో చివరి కడుగు వద్దు, ఆరాక తెల్లటి చుక్కలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా చాలు.

ఇప్పుడు మూడో ప్రశ్న.

ఫొటో తీసినంత శ్రమ చూపించడంలో పెట్టలేదు మీరు. 4×5 నెగటివ్‌ను మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 2000 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే 8000 × 10000 పిక్సెళ్లు, అంటే 8 కోట్లు. అది ఫోన్ తెర మీద వెయ్యి పిక్సెళ్ల వెడల్పుకు కుదించి పెట్టారు. ఆ సైజులో ఫోన్ ఫొటోకూ దీనికీ తేడా కనిపించదన్నవాళ్ల మాట నిజమే, వాళ్ల మీద కోపం వద్దు. పెట్టేటప్పుడు మూడు బొమ్మలు కలిపి పెట్టండి. ఒకటి పూర్తి ఫ్రేము, ఫిల్మ్ అంచులూ నాచ్ గుర్తులూ (షీట్ మూలన ఫిల్మ్ రకం చెప్పే గాట్లు) కత్తిరించకుండా. రెండోది మీకు ముఖ్యమైన ఒక్క చోటు, పిక్సెల్‌కు పిక్సెల్. మీ ఫొటోలో అయితే బండ రెండు రాళ్లను ఆనుకున్న సందు. మూడోది నెగటివ్‌ను కిటికీకి ఎదురుగా చేత్తో పట్టుకుని తీసిన ఫోన్ ఫొటో. నెగటివ్ ఎంత దట్టంగా ఉందో, నీడలో వివరం ఉందో లేదో తెలిసినవాడు దాన్ని చూసే చెప్పేస్తాడు. స్కానర్ సాఫ్ట్‌వేర్ సొంతంగా కాంట్రాస్ట్ సర్దేసి అబద్ధం చెప్తుంది.

రాసేది కూడా మార్చండి. కెమెరా పేరు, లెన్స్ పేరు, ట్రైపాడ్ పేరు, ఫిల్మ్ పేరు అని వరసగా రాశారు. దానివల్ల "ఎంతకు కొన్నారు బ్రో" అన్న కామెంట్లే వస్తాయి, వచ్చాయి కూడా. నిర్ణయాలు రాయండి: ఏ నీడను ఎక్కడ పెట్టారు, ఫోకస్ తలం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లాలనుకున్నారు, ఎంతసేపు తెరిచారు. చివర ఒక్క ప్రశ్న అడగండి. "ఎలా ఉంది" అంటే "సూపర్ అన్నా" వస్తుంది. "బండ నెత్తి ఎందుకు మెత్తబడింది" అని అడిగి ఉంటే ఈ జవాబు మీకు మొదటి రోజే వచ్చేది. ఇతరుల ఫొటోల కింద రాసేటప్పుడూ అంతే. నచ్చింది అనడం మర్యాద. ఎక్కడ కన్ను ఆగింది, ఎక్కడ జారిపోయింది అని చెప్తే తీసినవాడికి పనికొస్తుంది.

ఆపైన, ప్రింట్. 4×5ను 16×20 అంగుళాలకు పెంచడం అంటే నాలుగు రెట్లే. 35 మి.మీ. నుంచి అదే సైజుకు 16 రెట్లకు పైగా లాగాలి. ఆ కాగితాన్ని చేతిలో పెడితే ఇంకేం వివరించక్కర్లేదు. జనం దగ్గరికి జరుగుతారు, ముక్కు కాగితానికి తగిలేదాకా. డార్క్‌రూమ్ ఎన్‌లార్జర్ లేకపోయినా కాంటాక్ట్ ప్రింట్ (నెగటివ్ సైజులోనే వచ్చే ప్రింట్) మీ బాత్‌రూములోనే చేయొచ్చు: కాగితం, నెగటివ్, పైన ఒక గాజు పలక, మామూలు బల్బు. అరచేతిలో పట్టేంత చిన్నదైనా దాని నునుపు వేరు. బంజారాహిల్స్ లామకాన్ సాంస్కృతిక వేదికలో టీ, సమోసా పెట్టుకుని నాలుగు ప్రింట్లు బల్ల మీద పరిస్తే పక్క బల్లవాళ్లు కూడా లేచి వస్తారు. అక్కడ ఆవరణలోనే ఒక పెద్ద బండ ఉంది, మీ సబ్జెక్టుకు సరిపోయింది. మాసబ్ ట్యాంక్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో ఫొటోగ్రఫీ చదివే పిల్లలుంటారు, వాళ్లతో మాట్లాడండి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగే ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు వెళ్లి పెద్ద ప్రింట్లు ఏ దూరంలో నిలబడి చూస్తున్నారో గమనించండి.

పెద్ద నెగటివ్ ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి గాజు పలకల మీద తీసినవాడే. ఆ నెగటివ్‌లు వేలల్లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన తీసిన చోట్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో పోల్చి చూడగలుగుతున్నామంటే ఏది ఎక్కడ తీశారో రాసి ఉండటం వల్లే. మీరూ నెగటివ్ కవరు మీద తేదీ, చోటు, కెమెరా ఏ దిక్కుకు చూసిందీ పెన్సిల్‌తో రాయండి. ఇక్కడ బండలను కాపాడమని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు అడుగుతూనే ఉన్నారు, క్రేన్లు, బ్లాస్టింగులు కూడా నడుస్తూనే ఉన్నాయి. వచ్చే ఏడాది అదే ట్రైపాడ్ గుర్తుల దగ్గర నిలబడితే అదే బండ కనిపిస్తుందన్న హామీ లేదు.

అనుమతుల సంగతి కూడా చెప్పేస్తాను. గోల్కొండలాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా పర్మిషన్ కావాలి, గేటు దగ్గర బతిమాలితే పని జరగదు. సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్‌కు క్యాంపస్ అనుమతి అడగండి. ఊరి బయట ఇంకో రకం ఇబ్బంది: చెక్కపెట్టె, మూడు కాళ్లు చూడగానే "సర్వేనా సార్, ఇక్కడ ప్లాట్లు వేస్తున్నారా" అని చుట్టూ చేరతారు. గ్రౌండ్ గ్లాస్ మీద తలకిందుల బొమ్మ ఒకసారి చూపించండి, సర్వే భయం పోతుంది. పిల్లలుంటే మాత్రం అరగంట పోతుంది, లెక్కలో వేసుకోండి.

ముందుగా చేయాల్సింది ఇది. అదే చోటికి మళ్లీ వెళ్లండి. ఒక హోల్డరులో రెండు షీట్లు పడతాయి కదా, ఒకటి పాత ఆరు డిగ్రీలతో ఎఫ్/22, రెండోది సున్నా టిల్ట్‌తో ఎఫ్/32. ఫిల్టరు తీసేయండి, గాలి లేని పొద్దుటి పూట వెళ్లండి. రెండు నెగటివ్‌లనూ కిటికీకి పట్టి తీసిన ఫొటోలు, బండ నెత్తి దగ్గర క్రాపులు ఇదే ప్రశ్న కింద పెట్టండి, చూసి చెప్తాను.